మలై కాజా తిని సంతకం పెట్టి రావొద్దు

అమ్మాయ్,

రొయ్యల మేత కంపెనీ వాళ్ళు నిన్ను ఇండిపెండెంట్ డైరెక్టరుగా, అంటే యజమాని కుటుంబంతో సంబంధం లేని బోర్డు సభ్యురాలిగా, రమ్మన్నారని మీ అమ్మ వీధంతా చెప్పుకుంటోంది. చెప్పుకోనీ, ఆమె సంతోషం ఆమెది. కానీ "ఏడాదికి నాలుగు మీటింగులు, వచ్చి కూర్చుంటే చాలు మేడం" అన్నారని ఫోన్లో చెప్పావే, నాకు ఆ మాటే గుచ్చుకుంది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల (స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లు అమ్ముడయ్యేవి) బోర్డుల్లో ఒక మహిళా ఇండిపెండెంట్ డైరెక్టరు ఉండి తీరాలని 2020 ఏప్రిల్ నుంచి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన. వాళ్ళకు కావలసింది నువ్వా, నీ పేరా? ముందు అది తేల్చుకో.

అది కుటుంబ కంపెనీ అనగానే మూతి తిప్పేవాళ్ళ మాటలు పట్టించుకోకు. తొంభైల మధ్యలో రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి మన నెల్లూరు తీరంలో చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయినప్పుడు, ఇంట్లో బంగారం కుదువపెట్టి కూలీలకు జీతాలిచ్చిన యజమానులను నా కళ్ళతో చూశాను. జీతానికి వచ్చిన మేనేజరైతే రాజీనామా పడేసి చెన్నై రైలెక్కేవాడు. తాత పేరు గోడ మీద ఉందంటే కంపెనీని అంత తేలిగ్గా వదలరు.

చిక్కల్లా అట్టాంటి కుటుంబానికి జేబులు రెండు ఉండటం. లిస్టెడ్ కంపెనీలో వాళ్ళ వాటా 60 శాతం అనుకో. కంపెనీ అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజీ వాళ్ళ కోడలి పేరు మీద ఉంది, అది నూటికి నూరు శాతం వాళ్ళదే. అద్దె ఏడాదికి కోటి ఎక్కువ రాశారు. కోడలి ఖాతాలో కోటి పడింది, కంపెనీలో వాళ్ళ వాటాకు తగిలిన దెబ్బ 60 లక్షలు. మిగతా 40 లక్షలు ఎవరివి? పెన్షన్ డబ్బుతో షేర్లు కొనుక్కున్న ఏ కావలి మాస్టారివో. దీన్ని దొంగతనం అనరు, అద్దె అంటారు. రసీదు కూడా ఉంటుంది.

కంపెనీలో కుటుంబం వాటా తగ్గేకొద్దీ ఈ ఆశ పెరుగుతుంది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం సంగతి గుర్తుందిగా. 2008 డిసెంబరు 16న దాని ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఒప్పుకుంది. అప్పటికి సత్యంలో రాజు కుటుంబం వాటా పదో వంతు కూడా లేదు, మేటాస్‌లో మాత్రం బాగా ఎక్కువ. మదుపరులు గోల చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చాకే తెలిసింది, లెక్కల్లో ఉన్న దొంగ ఆస్తుల స్థానంలో నిజం ఆస్తులు పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని. ఆ బోర్డులో హార్వర్డు ప్రొఫెసరు ఉన్నారు, హైదరాబాదు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. వాళ్ళ చదువు ముందు మన సీఏ ఎంత?

నా బాగోతం కూడా విను. నేనూ ఒక కుటుంబ కంపెనీ బోర్డులో కూర్చున్నాను, పేరు ఎందుకులే. మీటింగు రేపు పదింటికనగా, ఈరోజు రాత్రి తొమ్మిదిన్నరకు కుర్రాడొచ్చి నూటెనభై పేజీల కట్ట ఇచ్చిపోయాడు. పొద్దున పోతే బల్ల మీద మలై కాజా, ఫిల్టర్ కాఫీ. ఆ చివర పెద్దాయన. ఆయన తల ఊపితే కొడుకులు ఊపుతారు, కొడుకులను చూసి మేము. పదకొండో అంశంగా ఒక గోడౌనుకు మూడేళ్ళ అద్దె అడ్వాన్సు వచ్చింది. గోడౌను ఎవరిదని అడగబోయాను. పెద్దాయన నా వైపు తిరిగి "కాజా తీసుకో నాయనా" అన్నాడు. తీసుకుని గమ్మునున్నాను. ఆరు నెలలకు తెలిసింది, అది ఆయన తమ్ముడి భార్యదని, అప్పటికి కప్పు కూడా వేయలేదని. ఆయన నన్ను బెదిరించలేదమ్మా, ప్రేమగానే అడ్డుకున్నాడు. నీకూ అట్టాగే జరుగుతుంది. మర్యాద ఇచ్చి నోరు కట్టేస్తారు.

అందుకే అడగదలుచుకున్నది బల్ల దగ్గర కాదు, అంతకు ముందే మెయిల్లో కంపెనీ సెక్రటరీకి రాయి. మీటింగుకు ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కాగితాలు చదివే వ్యవధి లేకపోతే ఆ అంశాన్ని వాయిదా వేయమను. సొంతవాళ్ళతో లావాదేవీలకు బోర్డులో లెక్కలు చూసే ఆడిట్ కమిటీలో ఓటు వేయగలిగేది ఇండిపెండెంట్ డైరెక్టర్లే, 2022 నుంచి. ఆ గదిలో నీకున్న అసలు బలం అదొక్కటే, దాన్ని వాడుకో. అద్దె సంగతి వస్తే ఆ వీధిలో మిగతా గోడౌన్ల అద్దెలు తెప్పించమను. నచ్చకపోతే "నేను ఒప్పుకోలేదు" అని మీటింగు రికార్డులో, అదే మినిట్స్‌లో, రాయించు. పదిహేను రోజుల్లో ముసాయిదా వస్తుంది, ఆ మాట ఉందో లేదో చూసుకో. మర్చిపోయామంటారు, చాలాసార్లు మర్చిపోతారు.

తప్పు జరిగితే ఇండిపెండెంట్ డైరెక్టరుకు బాధ్యత లేదని ఎవరన్నా చెబితే నమ్మకు. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్లో ఉంది: బోర్డు ద్వారా నీకు తెలిసి, నువ్వు ఒప్పుకుని జరిగినదానికీ, జాగ్రత్త పడకపోవడం వల్ల జరిగినదానికీ నువ్వూ జవాబుదారువే. కుటుంబం ఎన్ని షేర్లు తాకట్టు పెట్టిందో కూడా మూడు నెలలకోసారి చూస్తుండు. అది పెరుగుతుంటే ఇంట్లో ఏదో జరుగుతున్నట్టు.

ఒకవేళ బయటికి రావాల్సి వస్తే నాలాగా "వ్యక్తిగత కారణాలు" అని రాసి రాకు. కారణాలు వివరంగా స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరాలని సెబీ చెబుతోంది, ఉన్నదున్నట్టు రాయి. నేను రాయలేదు. ఆ తర్వాత నా చోట్లోకి వచ్చిన పిల్లవాడికి ఆ గోడౌను సంగతి చెప్పేవాళ్ళే లేకపోయారు.

ఇంకా ఒప్పుకోలేదుగా? ఆ కంపెనీ మూడేళ్ళ వార్షిక నివేదికలు ప్రింటు తీసుకుని ఆదివారం రా. బొమ్మలున్న పేజీలు వదిలేయ్, వెనక సొంతవాళ్ళ లావాదేవీల నోటు ఉంటుంది, అది కావాలి. నాకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది, ఆ చిన్నక్షరాలు నువ్వే చదివి వినిపించాలి.

మీ మామయ్య