వేగుచుక్క దారి చూపదు

సందేహం: ఆదివారం ప్రసంగంలో "యేసు మన వేగుచుక్క, చీకట్లో దారి చూపిస్తాడు" అన్నారు. వేగు అంటే గూఢచారి కదా, ముందు వెళ్లి దారి చూసి వచ్చేవాడనే అర్థంలో పుట్టిందా ఈ మాట? బైబిల్లో మాత్రం వేకువచుక్క అని ఉంది. ఏది ఒప్పు? పైగా అది శుక్రగ్రహం, నక్షత్రమే కాదు. యెషయా 14:12లో పడిపోయినవాణ్ణి కూడా ఇదే మాటతో పిలిచారు. ఇదంతా ఆలోచిస్తే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: టెన్షన్ వద్దండీ. వేగుచుక్క, వేకువచుక్క రెండూ ఒప్పే, రెండూ ఒకటే. గూఢచారికీ దీనికీ చుట్టరికం లేదు. బైబిల్లో రాహాబు అనే ఆవిడ ఇంట్లో దాచిన వేగులవారు, అంటే గూఢచారులు, వేరు, ఈ వేగు వేరు. వేగు అనే క్రియకు తెల్లవారు అని అర్థం. చేరు నుంచి చేరువ, తెగు నుంచి తెగువ వచ్చినట్టే వేగు నుంచి వేగువ, వేకువ వచ్చాయి. ఇప్పటికీ వేగుజామున లేచాం అనేవాళ్లున్నారు. తమిళంలో తెల్లవారుజామును వైకఱై అంటారు, వింటేనే మన మాటకు అక్కచెల్లెలనిపిస్తుంది. నూనెలో వేగడం, మనుషులతో వేగడం సంగతి ఇక్కడ అక్కర్లేదు.

అంటే వేగుచుక్క అన్న మాటలో ఉన్నది దారి కాదు, వేళ. ఈ ఒక్క ముక్క మరిచిపోయి ఇవాళ ఎవరు ఏ పని మొదలుపెట్టినా "ఫలానా ఉద్యమానికి వేగుచుక్క" అని రాసేస్తున్నారు, మార్గదర్శి అనే అర్థంలో. నాకు బాధగా ఉంటుంది. శుక్రుడు ఉదయం కనబడే నెలల్లో ఒకసారి చీకటితో లేచి తూర్పుకేసి చూడండి. సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలకు మించి ఎప్పుడూ దూరం పోడు కాబట్టి మహా అయితే ఓ మూడు గంటల ముందు పొడుస్తాడు, అంతే. పొడిచే చోటు కూడా నెలనెలా జరుగుతుంది, కొన్ని నెలలు పొద్దున కనబడనే కనబడడు, సాయంత్రం పడమట తేలతాడు. దాన్ని నమ్ముకుని నడిస్తే ఏ ఊరూ చేరం. దిక్కు కావాలంటే ధ్రువుణ్ణి చూసుకోవాలి. వేగుచుక్క చెప్పేది ఒకటే, ఇంక ఎంతోసేపు లేదు అని. ఆకాశం తెల్లబడి తక్కిన చుక్కలన్నీ కరిగిపోయాక కూడా అదొక్కటి సూదిమొనంత మిగిలి ఉంటుంది చూడండి, నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

యేసు పుట్టినప్పుడు చూడవచ్చిన జ్ఞానులకు ముందుగా నడిచిన దాన్ని మత్తయి రెండో అధ్యాయంలో మన తెలుగు అనువాదకులు నక్షత్రము అనే అన్నారు, వేకువచుక్క అనలేదు. దారి చూపింది అది. పేతురు రెండో పత్రిక 1:19 ఇంకా స్పష్టం. చీకటిగల చోట వెలుగిచ్చే పని అక్కడ దీపానిది, వేకువచుక్క హృదయాల్లో ఉదయించేవరకు. ప్రకటన 22:16లో ప్రభువు తానే వేకువచుక్కనని చెప్పిన కొద్ది వాక్యాలకే "త్వరగా వచ్చుచున్నాను" అంటాడు. వేళ మాటే, చూశారా!

గ్రహమా నక్షత్రమా అన్నదానికి ఒక్క మాట: చుక్క అంటే చుక్కలా కనబడేది, తోకచుక్క మాత్రం నక్షత్రమా?

యెషయాలో ఆ మాట బబులోను రాజును ఎత్తిపొడవడానికి వాడింది, నాలుగో వచనం చూడండి. తెల్లవారకముందు అంత వెలిగి, సూర్యుడు రాగానే మాసిపోయే చుక్కతో పోల్చాడు. లాతీను బైబిలు కూడా అక్కడా, పేతురు పత్రికలోనూ లూసిఫర్ అనే ఒకే మాట వాడింది. అప్పటికది సైతాను పేరు కాదు, వెలుగు తెచ్చేది అని అర్థం. ఒకే చుక్క, రెండు పోలికలు. మాటకు మైల అంటదు.

ఇక మీ ప్రసంగీకుల మాట తప్పా అంటే, వాడుక అంతగా పాకిపోయాక తప్పని కొట్టెయ్యలేను, యేసు దారి చూపడని అనడం నా ఉద్దేశం అసలే కాదు. కానీ నేనైతే అలా చెప్పను. కీర్తన 130లో కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టుకుని ఉంటారు. కావలివాడికి దారితో పని లేదు, ఉన్నచోటే నిలబడి తూర్పుకేసి చూస్తుంటాడు. వేగుచుక్క ఆ కావలివాడి కోసం పొడుస్తుంది.