అను ఫాంట్లలోని పాత ప్రశ్నపత్రాలు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకోవాలంటే

మాస్టారూ, కావలి దగ్గరి మీ బడి ల్యాబ్‌లో విండోస్ బదులు లినక్స్ వేశాక పాత తెలుగు ప్రశ్నపత్రాలు పిచ్చి గీతలుగా కనిపిస్తున్నాయని, మళ్లీ విండోస్‌కే వెళ్లాలా అని అడిగారు. అక్కర్లేదండీ. అవి ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతిలో కాక, అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఫైలులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంటే కనుక, అది లేని విండోస్ కంప్యూటర్లోనైనా ఇలాగే కనిపిస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరుతో ముందు ఒక్క పత్రం మార్చి, ఒత్తులు జాగ్రత్తగా సరిచూసి, ఉచితంగా దొరికే మండలి ఫాంటు పెట్టి పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో, దాని సొంత ఫైలు రూపమైన ఓడీటీగా భద్రపరచండి. టైపు చేసేవారికి ‘యాపిల్’ అనే తెలుగు కీల అమరిక అలవాటైతే, లినక్స్‌లో వేర్వేరు భాషల్లో టైపు చేయించే ఐబస్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల ప్యాకేజీ జోడిస్తే ఆ అమరికా దొరుకుతుంది. చేతి అలవాటు చెదరకపోవడమే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. పరీక్షలయ్యేదాకా ఒక కంప్యూటర్లో మాత్రం విండోస్, అను ఫాంట్లు ఉన్న పాత ఏర్పాటు ఉంచండి.