మధ్య పట్టా ఉండాలా, వద్దా?

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబు కోసం బేస్‌మెంట్‌లో ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న బల్ల మీద ‘ఓ’ గేజ్ (O gauge అనే సైజు) బొమ్మ రైలు పెట్టాలనుకుంటున్నాం. రెండు పట్టాలది కొనాలా, మూడు పట్టాలదా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ బల్ల కొలతే సగం జవాబు చెప్పేసిందమ్మా. మూడు పట్టాలదే తీసుకోండి. బొమ్మ రైళ్ల కంపెనీ లయొనెల్ వాళ్ల ‘ఓ-36’ వంపు పట్టా 36 అంగుళాల వ్యాసంలో తిరిగిపోతుంది. అదే సైజు రెండు పట్టాల ‘ఓ’ స్కేల్‌లో మామూలుగా వ్యాసార్ధమే 36 అంగుళాలు, అంటే ఆరడుగుల వ్యాసం. మీ బల్ల మీద పట్టదు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ఇందులో కరెంటు మధ్య పట్టా నుంచి ఇంజన్ కింది రోలర్‌లోకి వచ్చి, చక్రాల గుండా పక్క పట్టాల్లోకి వెళ్తుంది. పక్క పట్టాలు రెండూ విద్యుత్తు పరంగా ఒకటే. అందుకే బాబు లైనును చుట్టూ తిప్పి, రైలు ఎదురు దిక్కుగా వచ్చేలా మళ్లీ అదే లైనులో కలిపినా షార్ట్ కాదు. రెండు పట్టాల్లో అలా కలిపితే ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకు తగులుతుంది. అప్పుడు పట్టాలు కోసి గ్యాప్‌లు పెట్టాలి, కరెంటు దిశను మార్చే రివర్సర్ మాడ్యూల్ కొనాలి. ఆ వయసు పిల్లాడికి ఆ టెన్షన్ ఎందుకు!

చూపుకి మధ్య పట్టా అసహజమే, ఒప్పుకుంటాను. అచ్చం నిజం రైలులా కావాలంటే మాత్రం ‘ఓ’ కంటే చిన్న సైజైన హెచ్‌ఓ (HO) స్కేల్‌లో రెండు పట్టాలది తీసుకోండి. 22 అంగుళాల వ్యాసార్ధం మీ బల్లకు సరిపోతుంది.

పాత సామాను కొంటే చక్రాలు చూడండి. మూడు పట్టాల బండ్ల లోహపు చక్రాలకు ఇన్సులేషన్ ఉండదు. రెండు పట్టాల మీద పెట్టగానే షార్ట్ అవుతుంది.