వసతి గృహంలో ఫోను ఎవరిది, పింఛను ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. మేధోపరమైన వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉంది. నాకు ఆరోగ్యం సహకరించక ఏడాదిన్నర కిందట వాణ్ణి ఒక ప్రైవేటు వసతి గృహంలో చేర్పించాను. అక్కడ వాడి ఫోను ఆఫీసు గదిలో పెట్టుకుని ఆదివారం అరగంట మాత్రమే ఇస్తున్నారు. నెలనెలా వచ్చే 6,000 రూపాయల పింఛను కూడా వాళ్లే తీసుకుంటున్నారు. అడిగితే, ‘చేర్చేటప్పుడు మీరే సంతకం పెట్టారు, ఇష్టం లేకపోతే తీసుకెళ్లండి’ అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం సంగతి చూద్దాం. మీ అబ్బాయికి 18 ఏళ్లు నిండిన తర్వాత, కేవలం తల్లి అయినందువల్ల అతని తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం చట్టరీత్యా మీకు మిగలలేదు. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు కష్టంగా తోస్తుందని తెలుసు. కానీ ఇక్కడ అది మీకే పనికొస్తుంది: నెలనెలా ఫీజు కడతానన్న మీ హామీకి ఆ సంతకం సరిపోవచ్చు గాని, అతని ఫోనునూ డబ్బునూ మరొకరి చేతిలో పెట్టడానికి సరిపోదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఆస్తి కలిగి ఉండటానికీ, తన డబ్బు వ్యవహారాలు తాను చూసుకోవడానికీ వైకల్యం ఉన్న వ్యక్తికి ఇతరులతో సమానమైన హక్కు ఉంది. అందులో అతనికి ఎవరైనా తోడ్పడవచ్చు. అయితే ఒక లావాదేవీలో తోడ్పడే మనిషి ప్రయోజనమూ అతని ప్రయోజనమూ ఢీకొంటే, ఆ తోడ్పడే మనిషి పక్కకు తప్పుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. ఫీజు తీసుకునేవారే పింఛను కూడా చేతిలో పెట్టుకోవడం సరిగ్గా అలాంటి పరిస్థితే. పింఛనులోంచి ఫీజు కట్టాలనుకుంటే తప్పు లేదు. కానీ ఎంత, దేనికి అన్నది కాగితం మీద ఉండాలి, ప్రతి నెలా రసీదు ఇవ్వాలి, మిగిలినది అతని బ్యాంకు ఖాతాలో పడాలి. ఇప్పటిదాకా తీసుకున్న సొమ్ముకు లెక్క చెప్పమని లిఖితపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఫోను విషయంలో యాజమాన్యం వాదన పూర్తిగా తోసెయ్యదగ్గది కాదు. నేను చూసిన ఒక గృహంలో ఆఫీసు బల్ల సొరుగు నిండా ఫోన్లు ఉండేవి, ఒక్కో దాని వెనక తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద పేరు. రాత్రి ఒంటిగంటకు మాట్లాడుతూ పక్కవాళ్లను నిద్ర పోనివ్వడం లేదనీ, ఒకతని చేత ఎవరో ఓటీపీ చెప్పించుకున్నారనీ వార్డెన్ చెప్పారు. రెండూ నిజమైన కష్టాలే. అయినా వాటికి పరిష్కారం ఆరు రోజులు సొరుగులో పెట్టడం కాదు. వైకల్యం ఉందన్న ఒకే కారణంతో ఎవరి వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదని అదే చట్టం 3వ సెక్షన్ అంటుంది. రాత్రి పది దాటాక మోగకుండా పెట్టుకోవాలి, బ్యాంకు యాప్ ఆ ఫోనులో ఉండకూడదు అనే రెండు షరతులు అతనితో కూర్చుని, అతనికి అర్థమయ్యే మాటల్లో ఒప్పించుకుంటే చాలు. ఒప్పుకున్నాక వాటిని పాటించడం మీ అబ్బాయి బాధ్యత. అతని అలవాట్లు, మందులు, ఫిట్స్ వచ్చే తీరు దాచకుండా చెప్పడం మీ బాధ్యత.

మాటలతో పని కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అతనికి గార్డియన్ అవసరమని మీకు అనిపిస్తే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టండి. గార్డియన్‌గా నియమితులైతే ఆరు నెలల్లోగా అతని ఆస్తుల జాబితాను, ఆ పైన ఏటా లెక్కలను ఆ కమిటీకి ఇవ్వాలి. అంటే లెక్క చెప్పే బాధ్యత మీకూ వస్తుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. వీల్‌చెయిర్ వాడతాను. హైదరాబాద్‌లో మరో ముగ్గురు మహిళలతో కలిసి సహాయకులు ఉండే గృహంలో ఉంటున్నాను. నేను పడిపోతానని రాత్రి తొమ్మిదికి నా కుర్చీ తీసుకెళ్లి వరండాలో పెడుతున్నారు. పైగా వంటింట్లో వంతు పని చేయమంటున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మొదటిది న్యాయం కాదు, రెండోది న్యాయమే. రాత్రి దాహమేస్తే, బాత్రూముకు వెళ్లాలంటే మీ కాళ్లు ఆ కుర్చీయే. సహాయక పరికరాన్ని కావాలని వాడుకోనివ్వకపోవడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద నేరం, దానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. కేసు దాకా వెళ్లే ముందు ఈ సెక్షన్‌ను ఉటంకిస్తూ ఒక లేఖ ఇవ్వండి. పడిపోతారన్న భయం నిజమైతే, మంచం పక్కన పట్టుకునే కడ్డీ, పిలవడానికి బెల్ పెట్టడం వాళ్ల పని. ఇక వంతు పని మాటకొస్తే, కూరగాయలు తరగడమో, సరుకుల లెక్క రాయడమో, మీ చేతనైన పని మీరు ఎంచుకోండి. నలుగురు ఉండే ఇంట్లో ఒకరు మాత్రం అతిథిగా ఉండటం మిగతా ముగ్గురికి భారమే.

ప్రశ్న: మా చెల్లెలి కోసం గృహం వెతుకుతున్నాం. ముందుగా ఏం చూడాలి?
– ఒక అన్న, వరంగల్

జవాబు: రిజిస్ట్రేషన్ పత్రం చూడండి. అది లేకుండా దివ్యాంగుల సంస్థ నడపకూడదు, దాన్ని అందరికీ కనబడే చోట పెట్టాలి కూడా. మానసిక అనారోగ్యం ఉన్నవారి సంస్థలకు మాత్రం 2017 నాటి వేరే చట్టం వర్తిస్తుంది. తర్వాత మీ చెల్లెలిని వెంటబెట్టుకుని, చెప్పకుండా, సాయంత్రం భోజనాల వేళ వెళ్లండి. గదులకు గడియ లోపలి వైపు ఉందా, బయటి వైపే ఉందా అన్నది గమనించండి. ఆమెకు ఆ చోటు నచ్చిందో లేదో ఆమెనే అడగండి. ఫలానా చోటనే ఉండాలన్న నిర్బంధం వైకల్యం ఉన్నవారికి లేకుండా ప్రభుత్వం చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. ఆ నిర్బంధం మీ నుంచీ రాకూడదు.