చిన్నాకి, గ్లాకోమా ఫొటోల గురించి పెద్దమ్మ రాస్తున్నది

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు పాత ఉద్యోగం మానేసి కంటి ఫొటోలు చూసి గ్లాకోమా పట్టుకునే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ టీమ్‌లో చేరుతున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. ఎనిమిదేళ్ళ వయసులో నా రూమ్‌లో కళ్ళు పరీక్షించే మైక్రోస్కోప్, అదే స్లిట్ ల్యాంప్, తిప్పి తిప్పి నాచేత తిట్లు తిన్న పిల్లాడు ఇవాళ ఈ పనిలోకే వస్తున్నాడంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. భయం కూడా వేసింది రా. మీ అమ్మ అన్న మాట ఒకటి ఇంకా చెవుల్లోనే తిరుగుతోంది, "కప్పుకీ డిస్క్‌కీ నిష్పత్తి లెక్క కడితే చాలంట అక్కా, 0.6 దాటితే జబ్బు, దాటకపోతే నార్మల్, ఏ స్టేజో కూడా దాన్నిబట్టే చెప్పేస్తుందంట" అని. అది నీ మాటో, తను సగం విని చెప్పిన మాటో నాకు తెలీదు. నీ మాటే అయితే మాత్రం ఈ ఉత్తరం చివరిదాకా చదవాల్సిందే, మధ్యలో ఆపావంటే ఊరుకోను.

మామూలు సంగతులు ముందే అనేస్తా. మసగ్గా వచ్చిన ఫొటోని లెక్కలోకి తీసుకోకు, శుక్లం ఉన్నవాళ్ళకీ కంటిపాప చిన్నగా ఉన్నవాళ్ళకీ అలాగే వస్తుంది, అలాంటప్పుడు "చెప్పలేను, మళ్ళీ తియ్యండి" అనే జవాబు కూడా మీ మెషిన్‌కి నేర్పాలి. ఒకే మనిషి కుడి కన్ను మెషిన్‌కి నేర్పే ట్రైనింగ్ ఫొటోల్లోనూ ఎడమ కన్ను దాన్ని పరీక్షించే టెస్ట్ ఫొటోల్లోనూ పడకుండా మనిషి వారీగా విడదియ్యి. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

నీకు తెలీనిది ఆ డిస్క్ అంటే ఏంటో. కంటి నుంచి మెదడుకి పోయే నరంలో 10 లక్షలకి పైగా సన్నటి పోగులుంటాయి, అవన్నీ రెటీనా నలుమూలల నుంచి వచ్చి ఒక్క చోట కట్టలా వంగి వెనక్కి దిగిపోతాయి, ఆ దిగే చోటే డిస్క్. మధ్యలో పోగులు లేని ఖాళీ గుంట కప్పు, చుట్టూ గులాబీ రంగులో ఉండే అంచు రిమ్. గ్లాకోమాలో పోగులు చచ్చిపోతుంటే రిమ్ పల్చబడి గుంట పెద్దదవుతుంది. అంటే కప్పు పెద్దదవడం జబ్బు కాదు, పోగులు పోవడం జబ్బు. నువ్వు కొలవాల్సింది మిగిలిన రిమ్‌ని. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఎదుటి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, పక్క చూపు పోతున్నా మనిషికి తెలీదు. పోయిన చూపు మళ్ళీ రాదు. చుక్కల మందుతోనో లేజర్‌తోనో ఆపరేషన్‌తోనో కంటి ప్రెషర్ తగ్గించి మిగిలింది కాపాడుకోవడమే. అందుకే ముందు పట్టుకోవాలని మీలాంటివాళ్ళు తపన పడటం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన ఆరో ఏడు. లెక్కల మాస్టారు ఒకాయన, యాభై దాటాయి, దగ్గరి అక్షరాలు ఆనట్లేదని కళ్ళజోడు కోసం వచ్చారు. కంటి ప్రెషర్ చూస్తే 16, మామూలుగానే ఉంది. అప్పట్లో ఫిల్మ్ ఫొటోలు, రెండు కళ్ళకీ తీయించా, నేను చూసేసరికి సాయంత్రం అయింది, బయట ఇంకా జనం కూర్చుని ఉన్నారు. డిస్క్ మధ్యలో తెల్లగా కనబడిన భాగాన్ని చూసి రెండు కళ్ళకీ 0.4 అని రాసి, పక్కన నార్మల్ అని రాసి కింద గీత కూడా కొట్టా. ఆ గీత నాకిప్పటికీ కళ్ళముందు ఉంటుంది రా చిన్నా. అంత ధీమాగా గీత ఎందుకు కొట్టానో!

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చారు. నుదుటి మీద చిన్న దెబ్బ. వంటింట్లో పైన తెరిచి ఉన్న అలమర తలుపు కొట్టుకుందట, అది మూడోసారట. ఇంకో మాట కూడా అన్నారు, బోర్డు మీద ఒక లెక్క చేస్తూ కింది లైను రాస్తుంటే పైన రాసిన లైను మాయమైపోతోందమ్మా, పెద్దవాణ్ణయ్యాను కదా ధ్యాస తగ్గింది అనుకున్నా అని. చూపు ఏ వైపు ఎంతవరకూ ఆనుతోందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేయిస్తే రెండు కళ్ళకీ పై సగంలో నలుపు, కుడి కంటికి మరీ ఎక్కువ.

ఆ రాత్రి పాత ఫొటో తీసి లెన్స్ పెట్టుకుని కూర్చున్నా. డిస్క్ చిన్నది. మామూలు డిస్క్ నిలువున 1.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఆయనది అంతకు ముందు పగలే స్లిట్ ల్యాంప్ వెలుగు గీతతో కొలిస్తే 1.4 వచ్చింది. చిన్న డిస్క్‌లో పోగులు ఇరుకిరుగ్గా ఉంటాయి, అసలు గుంటే ఉండకూడదు, ఉంటే ఏదో చిటికెడు ఉండాలి, అలాంటి దాంట్లో 0.4 అంటేనే నేను ఆగాల్సింది. పోనీ ఆ 0.4 అన్నా నిజమా అంటే అదీ కాదు. కుడి కంటి ఫొటోలో గడియారం మీద 7 ఉండే చోట ఒక సన్నటి రక్తనాళం రిమ్ మీద నుంచి కిందికి పోతోంది. తెల్లటి భాగం దాటాక గులాబీ రంగు మీద కూడా అది ఇంకా లోపలే ఉంది, డిస్క్ అంచు దాకా వచ్చి అక్కడ చటుక్కున మాయమై, వెంట్రుకవాసి పక్కన మళ్ళీ పైకి తేలింది. అంటే గుంట గోడ ఎక్కుతోందన్నమాట. రంగు చూస్తే కప్పు మధ్యలోనే ఆగిపోయింది, నాళం వంపు చూస్తే కప్పు కింద అంచు దాకా వచ్చేసింది, అక్కడ రిమ్ దాదాపు లేదు. నేను రంగుని కొలిచా, వంపుని చూడలేదు. కింది రిమ్ పోతే పై చూపు పోతుంది, అందుకే ఆయనకి అలమర తలుపు కనబడలేదు.

తప్పు నాదేనని ఆయనతో చెప్పా. "అప్పుడు ఎవరికి కనబడుతుందమ్మా" అన్నారు. కనబడింది రా, ఫొటోలోనే ఉంది, నాలుగేళ్ళూ నా బీరువాలోనే ఉంది. మందులతో ప్రెషర్ 11కి దిగింది, మిగిలిన చూపు నిలబడింది, రిటైర్ అయ్యేదాకా పాఠాలు చెప్పారు, బోర్డులో కింది సగంలోనే రాసేవారట.

ఆ ఫొటో నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నా. దాన్నే నువ్వు ఒకరోజు వేలితో చూపించి "పెద్దమ్మా, ఈ ఎర్ర దారం ఇక్కడ తెగిపోయిందేంటి?" అని అడిగావు. నీకు గుర్తుండదులే. నేను జవాబు చెప్పకుండా నీకు చాక్లెట్ ఇచ్చి బయటికి పంపించేశా, ఆ రోజు నీ ముందు ఏడవడం ఇష్టంలేక.

అందుకే చెప్తున్నా, ఒక్క నిష్పత్తి పట్టుకుని ఊరేగొద్దు. డిస్క్ సైజు కొలవని కప్పు లెక్కకి విలువ లేదు. పెద్ద డిస్క్‌లో 0.7 ఉన్నా పోగులన్నీ క్షేమంగా ఉండొచ్చు, ఆ మనిషిని ఊరికే బెదరగొట్టి జన్మంతా చుక్కలు వేయించే ప్రమాదం ఉంది. జార్జ్ స్పేథ్ అనే డాక్టరుగారు డిస్క్ డ్యామేజ్ లైక్లీహుడ్ స్కేల్ అని ఒకటి తయారుచేశారు, అందులో డిస్క్ 1.5 మిల్లీమీటర్ల లోపా, 1.5 నుంచి 2 మధ్యా, 2 దాటిందా చూసి, రిమ్ ఎక్కడ అన్నిటికంటే సన్నగా ఉందో అక్కడ కొలిచి, దాన్నిబట్టి 10 మెట్లలో పెడతారు. చదువు. రిమ్ మామూలుగా కింద లావుగా, తర్వాత పైన, తర్వాత ముక్కు వైపు, చెవి వైపు అన్నిటికంటే సన్నగా ఉంటుంది, బాగున్న కళ్ళన్నీ ఈ వరస పాటించవు గానీ కింది రిమ్ సన్నబడితే మాత్రం నువ్వు కుర్చీలోంచి లేచి చూడాలి.

ఇంకోటి, మీవాళ్ళు ఫొటోని 224 పిక్సెళ్ళకి కుదించి మెషిన్‌కి పెడతారని విన్నా. అలా కుదిస్తే డిస్క్ అంచున ఉండే చిన్న నెత్తుటి గీత ఏమవుతుంది? మంటలా సన్నగా ఉంటుంది అది, కొన్ని వారాలుండి పోతుంది, అది కనబడిన కన్ను ముందు ముందు దెబ్బతినే అవకాశం ఎక్కువ. పోగుల పొరలో పడే చీకటి పట్టీ కూడా అంతే, ఆకుపచ్చ వెలుగులో బాగా తెలుస్తుంది, కుదిస్తే చెరిగిపోతుంది. డిస్క్ దగ్గర పూర్తి సైజులో కత్తిరించి విడిగా చూపించండి. డిస్క్‌లో గుంటని మించి పాలిపోవడం ఉంటే అది గ్లాకోమా కాకపోవచ్చు, నరాన్ని ఏదో గడ్డ నొక్కుతుండొచ్చు, దానికి స్టేజ్ నంబర్ ఇచ్చి పంపించేస్తే మనిషి ప్రాణం మీదికొస్తుంది, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

స్టేజ్ సంగతి. మేమందరం వాడే హోడాప్ పద్ధతి ఫీల్డ్ టెస్ట్ మీద నిలబడింది, సగటు లోటు, అంటే మామూలు చూపు కంటే సగటున ఎంత తగ్గిందో అది, 6 డెసిబెల్స్ లోపు అయితే తొలి దశ, 6 నుంచి 12 దాకా అయితే మధ్య దశ, 12 దాటితే ముదిరినట్టు, దాంతోపాటు మచ్చలు నడిమధ్యకి ఎంత దగ్గరున్నాయో కూడా చూస్తాం. ఫొటో నరం ఎలా ఉందో చెప్తుంది, ఫీల్డ్ మనిషికి ఏం కనబడుతోందో చెప్తుంది, ఆ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు, తొలి రోజుల్లో పోగులు బోలెడు పోయినా ఫీల్డ్ శుభ్రంగా రావచ్చు. వెలుగుతో రెటీనా పొరల్ని స్కాన్ చేసే ఓసీటీ ఉంది కదా అంటావు. 1991లో వచ్చింది అది, నాకు దేవుడిచ్చిన వరంలా అనిపించింది, పోగుల పొరని మైక్రాన్లలో కొలుస్తుంది. కానీ మైనస్ పవర్ ఎక్కువున్న కంట్లో పొర మందంగా ఉండే చోట్లు పక్కకి జరిగి ఏమీ లేకపోయినా రిపోర్టులో ఎర్రగా, అంటే జబ్బున్నట్టు చూపిస్తుంది, రిపోర్టు పచ్చగా, అంటే బాగున్నట్టు వచ్చినవాళ్ళలో సన్నటి దెబ్బ సగటులో దాక్కుంటుంది. జబ్బు బాగా ముదిరాక పొర 50 మైక్రాన్ల చుట్టుపక్కల ఆగిపోతుంది, అక్కడ మిగిలేది నాళాలూ జిగురు కణాలూ, చూపు ఇంకా తగ్గుతున్నా ఆ నంబర్ కదలదు. కాబట్టి ఫొటో నుంచి వచ్చిన దాన్ని అనుమానం అని రాయండి, దశ అని రాసే ముందు ఫీల్డ్ పక్కన పెట్టుకోండి.

మీ డేటా గురించి రెండు ప్రశ్నలు అడుగు. ఆ ఫొటోల మీద జబ్బు ఉందని రాసింది ఎవరు, ఫొటో ఒక్కటే చూసి రాశారా, ఫీల్డులూ తర్వాతి ఏళ్ళ రికార్డులూ చూసి రాశారా? ఫొటో ఒక్కటే చూసి అయితే మీ మెషిన్ నేర్చుకునేది ఆ సాయంత్రం నేను రాసిన 0.4నే. రెండోది, గ్లాకోమా ఫొటోల్లో ముదిరినవి ఎన్ని, తొలి దశవి ఎన్ని? గుంట మొత్తం తెల్లబడ్డ డిస్క్‌ని నువ్వు ఎనిమిదేళ్ళకే గుర్తుపట్టేవాడివి. కెమెరా మారినా చూసుకోండి, 2018లో ఇలాంటి గ్లాకోమా సాఫ్ట్‌వేర్లకి పెట్టిన రెఫ్యూజ్ పోటీలో ట్రైనింగ్ ఫొటోలు ఒక కెమెరావీ టెస్ట్ ఫొటోలు ఇంకో కెమెరావీ పెట్టారు, అలాగే మీరూ పరీక్ష పెట్టుకోండి.

ఈ లెక్క కూడా ఒకసారి కాగితం మీద వెయ్యి. 40 నుంచి 80 ఏళ్ళ వాళ్ళు వెయ్యి మందిలో ముప్పై అయిదు మందికి గ్లాకోమా ఉంటుందనుకో. మీ మెషిన్ జబ్బున్నవాళ్ళలో నూటికి 90 మందిని పడుతుంది, లేనివాళ్ళలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది, బాగుందే అనిపిస్తుంది. అప్పుడు పట్టుకునేది సుమారు 31 మందిని, జబ్బు లేకుండానే ఉందని చెప్పేది 96 మందికి, తప్పిపోయేది ముగ్గురో నలుగురో. ఆ 96 మంది డాక్టరు దగ్గరికెళ్ళి, ఏం లేదనిపించుకుని వచ్చేస్తారు, ఖర్చూ దిగులూ వాళ్ళవి. ఆ ముగ్గురు నలుగురికి మాత్రం మెషిన్ నార్మల్ అని కాగితం ఇచ్చేసింది కాబట్టి ఇంక ఎక్కడికీ వెళ్ళరు. నాకు నిద్ర పట్టనిది వాళ్ళ గురించి. దయచేసి మీ స్క్రీన్ మీద నార్మల్ అనే మాట పెట్టొద్దు రా, "ఈ ఫొటోలో అనుమానం కనబడలేదు, కంటి డాక్టరుకి చూపించుకోండి, మళ్ళీ ఫలానా అప్పుడు రండి" అని రాయించు, మీ మేనేజర్ ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు.

కోప్పడ్డాననుకోకు. నువ్వు ఆ పని చెయ్యకూడదని అనట్లేదు, నువ్వే చెయ్యాలని అంటున్నా, ఆ దారం ఎక్కడ తెగిందో చూసే కళ్ళు నీవి. నీ కళ్ళు కూడా చూపించుకో, తాతయ్యకి ఉండేది కదా, మన ఇంట్లో అందరికీ మామూలు వాళ్ళకంటే ముప్పు ఎక్కువ, మీ అమ్మ చూపించుకుని మూడేళ్ళయింది, అడిగితే తర్వాత అంటోంది, నువ్వు లాక్కెళ్ళు.

చేరాక మీ మెషిన్ చూసిన ఫొటోలు నాకు ఇరవై పంపు. జబ్బుందని పట్టుకున్నవి వద్దు, ఏమీ లేదని వదిలేసినవి పంపు. పేర్లు తీసేసి పంపు. పొద్దున్నపూట పంపించు, సాయంత్రమైతే నేను చూడను.

పెద్దమ్మ