షెడ్డులోని పాత ఫియట్ కొనవచ్చా?

ప్రశ్న: తెలిసిన పెద్దాయన ఇంటి షెడ్డులో 1969లో రిజిస్టరైన ఫియట్ కారు ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉంది. ఆర్‌సీ, చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరు మీదే ఉంది. 'డబ్బిచ్చి తీసుకెళ్లు బాబూ, కాగితాలు తర్వాత చూసుకుందాం' అంటున్నారు. వేరే ఇంజన్ వేయించి బాగుచేసుకోవాలని నా ఆశ. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. పెద్దాయన మనసులో మోసం లేకపోవచ్చు. కానీ ఆ కారు ఆయన ఒక్కరిదే కాకపోవచ్చు. వారు హిందువులై, తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు అందరికీ అందులో వాటా ఉంటుంది. తనకు లేని హక్కును అమ్మే మనిషి మీకు ఇవ్వలేడు. కారు తుప్పుపట్టి ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. మీరు రంగు వేయించి రోడ్డెక్కించాక 'అది మా నాన్న కారు' అంటూ ఆయన చెల్లెలు ముందుకు వస్తే, మీరు పెట్టిన ఖర్చు మీ పక్షాన సాక్ష్యం చెప్పదు.

అందుకే ముందు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులో ఉన్న ప్రతి ఒక్కరితో అభ్యంతరం లేదని నోటరీ అఫిడవిట్ రాయించండి. ఎవరైనా విదేశంలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపవచ్చు. తర్వాత ఫాం 31తో ఆర్‌సీ పెద్దాయన పేరుకు, అక్కడి నుంచి 29, 30 ఫారాలతో మీ పేరుకు మారాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్టర్డ్ యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఈ మాట పెద్దాయనకు చెప్పండి, 'కాగితాలు తర్వాత' అనడం మానేస్తారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆర్‌సీ గడువు తీరిపోయి ఉంటుంది. పేరు మారాలంటే ముందు అది రెన్యువల్ కావాలి, రెన్యువల్ కావాలంటే బండి నడిచే స్థితిలో ఉండాలి. అంటే పేరు మారకముందే మీరు ఖర్చు పెట్టాల్సి వస్తుంది. కాబట్టి వారసులందరూ సంతకం చేసిన ఒప్పందం రాసుకోండి. మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకండి, కొంత అడ్వాన్స్, మిగతాది పేరు మారాక. వాళ్ల వల్ల బదిలీ ఆగిపోతే అడ్వాన్స్‌తో పాటు బిల్లులున్న మరమ్మతు ఖర్చు కూడా తిరిగివ్వాలని స్పష్టంగా రాయించండి. ఈ ఒక్క షరతు లేక నష్టపోయినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అడ్వాన్స్ ఇచ్చే రోజు ఒక పని చేయండి. ఛాసిస్ (కారు అడుగు చట్రం) మీద నంబర్ చెక్కిన చోట మట్టి, తుప్పు తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. ఆ ముద్రను ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆగిపోండి. ఆర్‌సీలో పాత హైపోథికేషన్ (కారు మీద తీసుకున్న అప్పు నమోదు) ఉంటే అప్పు ఎప్పుడో తీరినా సరే, దాన్ని తీయించాలి.

ఇక ఇంజన్. ఆ ఆలోచన మానుకోమనే నా సలహా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తప్పనిసరి. పైగా 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. అలా చేస్తే రోజువారీ ప్రయాణాలకు మాత్రం వాడకూడదు. మీ కారుకు ఆ వయసు ఉంది. ఉన్న ఇంజన్‌నే విప్పి బాగుచేయించండి.