తాళపత్రాల పరిశోధనలోకి వస్తున్న మేనకోడలికి

పశ్చిమ మాంబలం, చెన్నై

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

తాళపత్రాల సంరక్షణ మీద పీహెచ్‌డీకి నీకు సీటు ఖాయమైందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. చదివింది కెమిస్ట్రీ, పాత రాత చదవడం రాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని టెన్షన్ పడుతున్నావట. నా ఉద్యోగమంతా ఈ ఊళ్లో ఇలాంటి పనిలోనే గడిచింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

మొదటి కొన్ని నెలలు ఏ మిషను దగ్గరకీ పోకు. గైడ్ తొందరపెట్టినా సరే, గ్రంథాలయంలో కూర్చుని కట్టలు విప్పి చూడు. ల్యాబ్‌లోకి కొత్త పరికరం వచ్చింది కదా అని దానికి తగిన వస్తువు వెతుక్కునే పరిశోధనలు చాలా చూశాను. గ్రాఫులు బాగుంటాయి, పేపరు అచ్చవుతుంది. ఆ ఆకు మాత్రం బీరువాలో అలాగే పొడి రాలుతూ ఉంటుంది. నువ్వు వేసుకునే ప్రశ్నకి జవాబు దొరికితే, ఆ గ్రంథాన్ని దాచే తీరులోనో చదివే తీరులోనో ఏదో ఒకటి మారాలి. ఏమీ మారదనుకుంటే ఆ ప్రశ్న వదిలెయ్.

చూసేటప్పుడు ముందు ఆకు ఏ చెట్టుదో గుర్తుపట్టు. తాటాకు మందంగా ఉంటుంది. శ్రీతాళం ఆకు పల్చన, పొడవు, బాగా వంగుతుంది. రెండిటినీ ఒకే గాటన కట్టి లెక్కలు వేస్తే ఆ లెక్కలకి అర్థం ఉండదు. తర్వాత అక్షరం. మనవాళ్లు గంటంతో, అంటే ఇనుప మొనతో, ఆకు మీద గీసి, ఆ గాట్లలో మసి రుద్దేవాళ్లు. అంటే అక్షరంలో రెండు భాగాలు: గాడి, మసి. మసి అంటే కార్బన్, అది పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని పీల్చేస్తుంది. ముదురు గోధుమ రంగుకి తిరిగిన ఆకు అదే కాంతిలో తెల్లగా కనిపిస్తుంది. అందుకే మామూలు కంటికి ఆనని పంక్తులు ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో నల్లగా, స్పష్టంగా వస్తాయి. కానీ మసి రుద్దకుండానే వదిలేసిన ఆకులుంటాయి, మసి రాలిపోయినవీ ఉంటాయి. వాటి ముందు ఎంత ఖరీదైన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టినా ఉపయోగం లేదు. పక్కనుంచి ఏటవాలుగా చిన్న ఎల్‌ఈడీ దీపం వేస్తే చాలు, గాడిలో నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. ఏ ఆకుకి ఏ వెలుగు కావాలో ముందే చూసి విడదీసి పెడితే, అదొక్కటే గ్రంథాలయానికి పెద్ద సాయం.

చదవడం సులువని కొత్త మసి రుద్దే అలవాటు చాలా చోట్ల ఉంది. పాత మసిలో ఏం కలిపారో పరీక్షించకముందే కొత్తది రుద్దితే ఆ ఆధారం పోయినట్టే. నువ్వు పనిచేసే చోట ఎవరైనా రుద్దబోతుంటే ముందు ఫొటోలు తీయనివ్వమని గట్టిగా అడుగు.

నూనె సంగతి నీకు మంచి పరిశోధనాంశం కావచ్చు. నిమ్మగడ్డి నూనె పట్టిస్తే ఆకుకి వంగే గుణం కొంత తిరిగొస్తుంది, పురుగు దూరంగా ఉంటుంది. అలా అని ఏ నూనె అయినా అదే పనిగా పట్టిస్తే జిగట చేరి, దుమ్ము అంటి, ఆకులు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది. ఎంత పట్టించాలి, ఎన్నేళ్లకోసారి, తాటాకుకీ శ్రీతాళానికీ ఒకే మోతాదా? ఈ ప్రయోగాలు అసలు గ్రంథం మీద చేయకు. కొత్త ఆకులు కోయించి, పాతకాలం పద్ధతిలో ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి వాటి మీద చెయ్. ఓవెన్‌లో వేడి పెట్టి వయసు మళ్లించిన ఆకు, మామూలు గదిలో రెండొందల ఏళ్లు ఉన్న ఆకుతో సమానం కాదని థీసిస్‌లో ఒప్పుకో. ఎక్కువ వేడిలో జరిగే చర్యలు వేరు.

గ్రంథాలు ఉంచే గదిలో ఒక డేటాలాగర్ (కొలతలను తనంతట తానే రాసుకునే చిన్న పరికరం) పెట్టి ఏడాది పాటు తేమ, ఉష్ణోగ్రత నమోదు చెయ్. మన ఊరి సముద్రపు గాలి, ఐప్పశి, కార్తీక నెలల వానలు నీకు తెలియనివి కావు. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆఫీసు మూయగానే ఆపేస్తే ఆకు రోజూ కుంచించుకుంటూ, ఉబ్బుతూ ఉంటుంది. అలాంటప్పుడు అసలు ఏసీ లేకుండా గాలి ఆడే గదే మేలని నా అభిప్రాయం. నీ దగ్గర ఏడాది లెక్కలుంటే అధికారులతో మాట్లాడగలవు.

శాంపిల్ తీయడమంటే అసలే వద్దని కొందరంటారు. నేను అలా అనను. ఎంత తీస్తున్నావు, దానితో ఏం తేలుతుందన్నదే ముఖ్యం. బెంగళూరులో పాత లోహవస్తువుల మీద పరిశోధన చేసే శారదా శ్రీనివాసన్ గారు దక్షిణాది కంచు విగ్రహాల లోహంలో సీసం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు), స్వల్ప మూలకాలు కొలిచి, శైలిని బట్టి వేసిన కాలాలతో పోల్చి చూశారు. కొద్దిపాటి లోహంతో పల్లవుల నాటిదా, చోళుల నాటిదా అన్న వాదానికి ఇంకో ఆధారం దొరికింది. పైనుంచి ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ (ఎక్స్‌రేలు వేసి ఏ మూలకాలున్నాయో చూసే పద్ధతి) పెట్టి చూస్తే విగ్రహం మీది చిలుము, చింతపండుతో తోమిన పైపొర కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. ముట్టుకోని పద్ధతి అన్నంత మాత్రాన నిజం చెబుతుందని కాదు.

పాత రాత మాత్రం నేర్చుకో, తప్పించుకోకు. మన దగ్గర మిగిలిన గ్రంథాల్లో చాలావరకు గత రెండు మూడు శతాబ్దాలవే. సుమారు 1650 తర్వాతి కాలానికి రేడియోకార్బన్ పరీక్షతో (వస్తువులోని కార్బన్‌ని బట్టి వయసు కట్టే పద్ధతి) సూటిగా తేదీ తేలదు, ఒకే ఫలితానికి రెండు మూడు కాలాలు సరిపోతాయి. లేఖకుడు చివర్లో రాసిన సంవత్సరం పేరు, అక్షరాల తీరు కలిపి చూస్తేనే తేలుతుంది. ఆ పేర్లు కూడా అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చేవే కదా, అందుకని రెండూ కావాలి. తెలుగు పండితుల దగ్గర వారానికో గంట కూర్చుంటే ఏడాదిలో చదివేస్తావు.

ఒక పని చేసేముందు దాన్ని వెనక్కి తీయగలమా అని నిన్ను నువ్వే ప్రశ్నించుకో. ఒకప్పుడు కాగితాలకి సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ లాంటి పొర అతికించడమే గొప్ప సంరక్షణ. దేశమంతా చేశారు, మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆ పొరే కాలక్రమేణా చెడి, ఆమ్లం విడుదల చేస్తుంది, కాగితం నుంచి తీయడం నరకం. అందుకే ఎవరు ఎప్పుడు ఏం పూశారో కార్డు మీద రాసిపెట్టు.

ఈ ఊరికి పాత అనుభవం ఉంది. ఎగ్మోర్ మ్యూజియంలో రసాయన సంరక్షణ ప్రయోగశాల 1930లోనే మొదలైంది. ఎస్. పరమశివన్ గారు అక్కడ కంచు విగ్రహాల మీద పనిచేశారు, తంజావూరు పెద్దగుడి కుడ్యచిత్రాల పొరలనూ పరీక్షించారు. ఆయన వ్యాసాలు వెతికి చదువు. 1869లో ఇక్కడే ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, కంపెనీ కాలపు దొరలు కాలిన్ మెకంజీ, సి.పి. బ్రౌన్ పోగుచేయించిన తెలుగు ప్రతులున్నాయి. నీ పని అక్కడే మొదలవ్వాలని నా కోరిక.

అక్కడికి పెట్టే అర్జీలో తీసిన ప్రతి ఫొటో, ప్రతి కొలత ఒక కాపీ వాళ్లకే ఇస్తానని రాయి. కట్టలు తెచ్చి ఇచ్చే అటెండర్లతో మర్యాదగా ఉండు, ఏ అల్మారా వెనక గోడ చెమ్మగిల్లుతుందో వాళ్లకే తెలుసు. థీసిస్‌లో వాళ్ల పేర్లు కూడా వేయాలి. అర్జీ ముసాయిదా రాసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త